పాత చైనా జాడీ: ముద్రను నమ్మవచ్చా?

మీ ఇంటి అటక మీద నీలిపూల పింగాణీ జాడీ దొరికిందనుకోండి. అడుగున చైనా చక్రవర్తి ముద్ర ఉన్నంత మాత్రాన అది ఆ కాలానిదే అనుకోరాదు. కాంగ్షీ కాలపు (1662–1722) పనివారు పూర్వికుల మీది గౌరవంతో చెంగ్‌హువా (1465–1487) ముద్రను వేసేవారు. తరువాత మోసగాళ్లూ అదే పని చేశారు. కాబట్టి ముద్రను చివరగా చూడండి.

ముందు అడుగు అంచును పరిశీలించండి. వాడకంలో పడిన గీతలు తలోదిక్కుగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దినవి ఒకే తీరున కనిపిస్తాయి. ఇంగ్లీషులో ‘చైనా’ అని ఉంటే సాధారణంగా అది 1891 తరువాతిది. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని అమెరికా అప్పుడే నియమం పెట్టింది.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీతో ఆకారాన్నీ, నీలిరంగునూ పోల్చండి. మట్టి, రంగు, అరుగుదల, ముద్ర అన్నీ ఒకే కాలాన్ని సూచించాలి. అంతవరకు కొనకండి, అమ్మకండి.