కడదాకా నిలవడం: మోర్మన్ ప్రసంగాల్లో విశ్వాసం, ఓర్పు

లోకం మోర్మన్లని పిలిచేవారి సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ఈ సంఘంలో ఆదివారం ఆరాధనకు జీతం తీసుకునే పాస్టరు ఉండడు. స్థానిక సంఘాన్ని నడిపే బిషప్పు వారమంతా తన ఉద్యోగమో వ్యాపారమో చూసుకుంటాడు. ప్రసంగించే వంతు సభ్యులదే. ఒక వారం బడిపంతులు, మరో వారం నర్సు, ఇంకో వారం పద్నాలుగేళ్ల కుర్రవాడు లేచి నిలబడి, తమకిచ్చిన అంశం మీద కొన్ని నిమిషాలు మాట్లాడతారు. సాధారణంగా నెలలో మొదటి ఆదివారం ఆ ఏర్పాటు కూడా ఉండదు. సభ్యులు రెండు పూటలు భోజనం మాని వస్తారు. ఎవరికి మనసు పుడితే వారు ముందుకు వెళ్లి సాక్ష్యం చెబుతారు. అందువల్ల విశ్వాసం గురించి, ఓర్పు గురించి ఇక్కడ మాట్లాడేవారు వేదాంత కళాశాలలో చదువుకున్నవారు కానక్కర్లేదు. ఆ వారమే ఉద్యోగం పోగొట్టుకున్నవారు కావచ్చు, బిడ్డను ఆసుపత్రిలో ఉంచి వచ్చినవారు కావచ్చు.

వీటన్నిటికీ పైన సర్వసభ్య సమావేశం ఉంటుంది. ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల తొలి వారాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీలో దీన్ని జరుపుతారు. 2000లో తెరిచిన అక్కడి సమావేశ భవనంలో 21,000 మంది కూర్చోవచ్చు. సంఘ అధ్యక్షుడు, పన్నెండుమంది అపొస్తలులు, స్త్రీల సంస్థ అయిన ఉపశమన సమాజం నాయకురాళ్లు, తదితరులు అక్కడ ప్రసంగిస్తారు. ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా ఉన్న సభ్యులకు ఆ మాటలు అనువాదమై చేరతాయి. తర్వాతి ఆదివారాల్లో స్త్రీలు, పురుషులు వేరువేరు తరగతుల్లో కూర్చుని వాటినే చర్చిస్తారు. నాయకుడు చెప్పినదాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకోవడం ఈ తరగతుల్లో ముఖ్యమైన పని. ఒకే ప్రసంగం ఇలా ఒక ఇంట్లో ఓదార్పుగా, మరో ఇంట్లో ప్రశ్నగా మిగిలిపోతుంది.

విశ్వాసం, ఓర్పుల బోధకు మూలం ఈ సంఘం పవిత్రంగా భావించే మోర్మన్ గ్రంథంలోనే ఉంది. సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1830 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరాలో దాన్ని ప్రచురించారు. ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. ఆ గ్రంథంలో ఆల్మా అనే ప్రవక్త పేదలకు చేసిన ప్రసంగం ఒకటి ఉంది. ఆ పేదలు తమ చేతులతో కట్టిన ప్రార్థనా మందిరాల నుంచే ముతక బట్టలు కట్టుకున్నారన్న కారణంతో గెంటివేతకు గురైనవారు. గుడిలోకి రానివ్వకపోతే దేవుణ్ణి ఎలా కొలవాలన్నది వారి ప్రశ్న. ఆల్మా వారికి విత్తనం ఉపమానం చెబుతాడు. విశ్వాసమంటే సంపూర్ణ జ్ఞానం కాదని, నమ్మాలన్న కోరిక ఉన్నా మొదలుపెట్టడానికి చాలని అంటాడు. నాటి చూడమంటాడు, మొలకెత్తితే మంచి విత్తనమని తెలుస్తుందంటాడు. ప్రసంగం అక్కడితో ఆగదు. మొలక వచ్చిందని సంబరపడి నీళ్లు పోయడం మానేస్తే ఎండకు మాడిపోతుందని, అది విత్తనం తప్పు కాదని హెచ్చరిస్తాడు. పండు చేతికొచ్చేదాకా ఓపికతో సాకాలి. విశ్వాసం, ఓర్పు ఈ ప్రసంగంలో రెండు గుణాలు కావు, ఒకే పనికి మొదలూ కొనసాగింపూ. మోర్మన్ గ్రంథంలోనే భాగమైన నీఫై రెండవ గ్రంథం 31వ అధ్యాయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. బాప్తిస్మం దారికి ద్వారం మాత్రమే, ఆ తర్వాత కడవరకు నడవాలి.

గ్రంథంలోని ఈ మాటకు చరిత్ర త్వరలోనే పరీక్ష పెట్టింది. 1838 అక్టోబరు 27న మిస్సోరి గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్ మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయాలని, లేదా తుడిచిపెట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. మూడు రోజుల తర్వాత హాన్స్ మిల్ అనే చిన్న పల్లె మీద సాయుధులు దాడిచేసి 17 మందిని చంపారు. జోసెఫ్ స్మిత్‌ను, మరికొందరిని డిసెంబరులో లిబర్టీ జైలుకు పంపారు. నిటారుగా నిలబడడానికి కూడా చాలని నేలమాళిగ గది అది. చలికాలమంతా అందులో గడిచింది. 1839 మార్చిలో ఆయన అక్కడినుంచి సంఘానికి రాయించిన ఉత్తరంలో దేవా, నీవెక్కడ ఉన్నావన్న నిలదీత ఉంది. దానికి వచ్చిన జవాబుగా ఆయన రాసినదాంట్లో బాధలు కొద్దికాలమేనని, ఇదంతా అనుభవమై మేలుకే దారితీస్తుందని ఉంది. ఓర్పు మీద మోర్మన్లు చేసే ప్రసంగాల్లో ఈ ఉత్తరం ప్రస్తావన తరచుగా వినిపిస్తుంది. దాని బలం జవాబులో ఎంత ఉందో ఆ తొలి నిలదీతలోనూ అంత ఉంది. ప్రవక్త అనిపించుకున్న మనిషే దేవుడు కనబడడం లేదని అన్నాక, సామాన్య సభ్యుడు అదే మాట అనడానికి సిగ్గుపడనక్కర్లేదు. జోసెఫ్ స్మిత్‌ను, ఆయన అన్న హైరమ్‌ను 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలులో అల్లరి మూక కాల్చిచంపింది. బాగ్స్ ఉత్తర్వును మిస్సోరి అధికారికంగా రద్దు చేసింది 1976లో.

ఇల్లినాయ్‌లో స్థిరపడిన మోర్మన్లు 1846లో పడమర దారి పట్టారు. 1847 జూలైలో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో తొలి బృందం సాల్ట్ లేక్ లోయ చేరింది. ఆ తర్వాత ఐరోపా నుంచి వచ్చే పేద విశ్వాసులకు ఎద్దుబండ్ల ఖర్చు భరించే స్థోమత లేక, 1856లో తోపుడు బండ్ల పథకం పెట్టారు. సామాను బండిలో వేసుకుని, తామే లాక్కుంటూ రెండు వేల కిలోమీటర్లు నడవాలి. ఆ ఏడాది చివరి రెండు బృందాలు, జేమ్స్ విల్లీ, ఎడ్వర్డ్ మార్టిన్ నడిపినవి, చాలా ఆలస్యంగా బయల్దేరాయి. రెండిటిలో కలిపి దాదాపు వెయ్యిమంది ఉన్నారు.

విశ్వాస ప్రసంగం ఎంత మేలు చేయగలదో, ఎంత కీడు చేయగలదో తెలుసుకోవాలంటే ఈ ఘటనను నిదానంగా చూడాలి. ఆగస్టులో విల్లీ బృందం నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ వద్ద ఆగినప్పుడు, ముందుకు సాగాలా, చలికాలం అక్కడే గడపాలా అని సభ పెట్టారు. దేవుడు దారి సుగమం చేస్తాడని నాయకులు ధైర్యం చెప్పారు. బర్మాలో మత ప్రచారం చేసి తిరిగి వెళ్తున్న లీవై సావేజ్ ఒక్కరే గట్టిగా అడ్డుచెప్పారు. ముసలివారితో, పసిపిల్లలతో ఇంత ఆలస్యంగా కొండలు దాటబోతే చావులు తప్పవన్నారు. ఆయన మాట నెగ్గలేదు. అయినా బృందాన్ని వదల్లేదు. వారితోనే నడుస్తానని, అవసరమైతే వారితోనే చస్తానని చెప్పి కదిలారు. అక్టోబరు 19న వయోమింగ్‌లో మంచు తుఫాను వారిని పట్టుకుంది. పిండి అయిపోయింది. చలికి, ఆకలికి రెండు బృందాల్లో 200 మందికి పైగా చనిపోయారు.

వారింకా దారిలోనే ఉన్నారన్న వార్త అక్టోబరు 4న సాల్ట్ లేక్ సిటీకి చేరింది. మర్నాడు సమావేశంలో బ్రిగమ్ యంగ్ వేదాంతం పక్కనపెట్టారు. ఆ రోజు మతమంటే మైదానాల్లో చిక్కుకున్నవారిని ఇంటికి తేవడమేనన్నారు. వారిని ఆదుకోకపోతే సభలో కూర్చున్నవారి విశ్వాసం దేనికీ కొరగాదని తేల్చేశారు. 60 జతల కంచరగాడిదలు లేదా గుర్రాలు, 40 మంది బండ్లు తోలేవారు, 12 టన్నుల పిండి కావాలని లెక్కచెప్పి అడిగారు. సభలోని స్త్రీలు తమ మేజోళ్లు, లోపావడాలు అక్కడికక్కడే విప్పి బండ్లకు ఇచ్చారని అప్పటివారు రాశారు. రెండు రోజుల్లో తొలి రక్షక దళం కదిలింది. నవంబరు 30, ఆదివారం, మార్టిన్ బృందం ఊరు చేరే వేళకు యంగ్ మధ్యాహ్నపు ఆరాధనను రద్దుచేసి, ఇళ్లకు వెళ్లి వచ్చేవారికి భోజనం, పడక సిద్ధం చేయమన్నారు. ప్రార్థన మంచిదే, కానీ ఆ పూట కాల్చిన దుంపల స్థానంలో ప్రార్థన పనికిరాదన్నది ఆయన భావం.

ఆ చావులను విశ్వాస వీరగాథగా చెప్పే ప్రసంగాలు నేటికీ వస్తుంటాయి. బతికినవారిలో చాలామంది ఆ ప్రయాణంలోనే తాము దేవుణ్ణి తెలుసుకున్నామని చెప్పిన మాట నిజం. అయినా ఆ కథను పూర్తిగా చెప్పాలంటే లీవై సావేజ్‌ను వదిలేయకూడదు. ఆయన హెచ్చరిక అవిశ్వాసం కాదు. నిజం చెప్పి, ఓడిపోయి, విడిచి వెళ్లకుండా నిలవడం ఓర్పులో అన్నిటికన్నా కష్టమైన రకం.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ప్రశ్న స్వరూపం మారింది. గుంపులు తరమడం లేదు, మంచు చంపడం లేదు. క్యాన్సరు, ప్రమాదం, పసిబిడ్డ మరణం మిగిలాయి. అపొస్తలుడు స్పెన్సర్ కింబల్ 1955 డిసెంబరులో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు చేసిన ప్రసంగం ఈ విషయంలో పేరుపొందింది. విమాన ప్రమాదం వంటి దుర్ఘటనలను దేవుడు ఎందుకు ఆపలేదన్నది అక్కడి ప్రశ్న. ప్రతి బాధనూ దేవుడు అడ్డుకుంటే మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు, ఎదుగుదల ఉండదు, బతుకు పుట్టుకకు ముందూ చావుకు తర్వాతా సాగేదని నమ్మినప్పుడు చావు చివరి నష్టం కాదు అన్నది ఆయన వాదం. పదకొండేళ్లకే తల్లిని పోగొట్టుకున్న మనిషి చెప్పిన మాట ఇది. ఆ తర్వాత 1957లో గొంతు క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి స్వరతంత్రుల్లో చాలా భాగం పోయింది. బొంగురుపోయిన సన్నని గొంతుతోనే ఆయన మిగిలిన జీవితమంతా ప్రసంగించారు, 1973లో సంఘ అధ్యక్షుడయ్యారు.

మరో అపొస్తలుడు నీల్ మాక్స్‌వెల్ దారి కూడా ఇలాంటిదే. ఊరకే భరించడం వేరు, బాగా భరించడం వేరు అని 1990 ఏప్రిల్ సమావేశంలో చెప్పిన ఆయనకు 1996లో లుకేమియా బయటపడింది. చెప్పినదాన్ని చేసి చూపించాల్సి వచ్చింది. 2004లో మరణించేవరకు ఆయన బోధించడం ఆపలేదు.

ఈ శతాబ్దపు ప్రసంగాల్లో కొన్ని ఇంకాస్త దూరం వెళ్లాయి. 2004 ఏప్రిల్‌లో సంఘ నాయకుడు డెన్నిస్ సిమన్స్ దానియేలు గ్రంథంలోని షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ తీసుకున్నారు. దేవుడు అగ్నిగుండం నుంచి రక్షించగలడని, ఒకవేళ రక్షించకపోయినా విగ్రహానికి మొక్కబోమని వారు రాజుతో అంటారు. ఆ ‘ఒకవేళ రక్షించకపోయినా’ అన్నదాని మీదే ప్రసంగమంతా నడిచింది. జరగాలనుకున్నది జరగకపోయినా నిలిచేదే విశ్వాసం అన్నారు. 2013 ఏప్రిల్‌లో అపొస్తలుడు జెఫ్రీ హాలండ్, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం చేయమని యేసును వేడుకున్న తండ్రి కథతో, సందేహం ఉన్నవారు ఉన్న విశ్వాసాన్ని పట్టుకుని మొదలుపెట్టాలని చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన డిప్రెషన్ గురించి మాట్లాడారు. ఆర్థిక భయాలు, అలసట కలిసి తనను కూడా ఒకప్పుడు కుంగదీశాయని వేదిక మీదే ఒప్పుకున్నారు. ప్రార్థనతో పాటు అర్హత గల వైద్యుల దగ్గరికి వెళ్లమన్నారు. మానసిక రోగాన్ని విశ్వాస లోపంగా చూసే అలవాటు ఏ మతంలోనైనా ఉంటుంది. అపొస్తలుడే ఇలా చెప్పడంతో ఎన్నో కుటుంబాలకు నోరు విప్పే వీలు దొరికింది.

అయితే ఓర్చుకోమన్న బోధ తప్పు చేతుల్లో పడితే ప్రమాదకరం. హింసించే భర్తను భరించమని, అన్యాయాన్ని దేవుడి పరీక్షగా మింగమని చెప్పడానికి అది పనికొస్తుంది. ఓర్పుకూ హింసను మింగడానికీ మధ్య గీతను చియెకో ఒకజాకి స్పష్టంగా గీశారు. హవాయిలో జపనీయ బౌద్ధ కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్లకు ఈ సంఘంలో చేరి, 1990లో ఉపశమన సమాజం అధ్యక్షవర్గంలో సలహాదారు అయిన మహిళ ఆమె. 2002లో లైంగిక హింస బాధితుల గురించి చేసిన ప్రసంగంలో తప్పు బాధితులది కాదని నిక్కచ్చిగా చెప్పారు.

సంఘమే పెట్టిన బాధను భరించినవారి కథ జేన్ మానింగ్ జేమ్స్‌ది. నల్లజాతి స్త్రీ అయిన ఆమె కుటుంబాన్ని 1843లో పడవ ఎక్కనివ్వకపోతే, వారు బఫలో నుంచి మోర్మన్ల అప్పటి కేంద్రమైన నావూ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి వెళ్లారు. 1847లో ఆమె సాల్ట్ లేక్ లోయ చేరారు. తెల్లవారికి దక్కే ఆలయ సంస్కారాలు తనకూ కావాలని ఏళ్ల తరబడి అడిగారు. సంఘం ఇవ్వలేదు. 1908లో ఆమె ఆ కోరిక తీరకుండానే, విశ్వాసం వదలకుండానే మరణించారు. నల్లజాతి వారిపై ఉన్న ఆ ఆంక్షలను సంఘం ఎత్తివేసింది 1978 జూన్‌లో, స్పెన్సర్ కింబల్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. మోర్మన్ ప్రసంగాల్లో ఆమె పేరు ఇప్పుడు గౌరవంగా వినిపిస్తోంది. ఆమె ఓర్పును పొగిడేవారు ఆ ఓర్పు అవసరమైన కారణాన్ని కూడా చెప్పినప్పుడే ఆమెకు న్యాయం జరుగుతుంది.

మన దేశం సంగతికి వస్తే, ఈ సంఘం ప్రచారకులు 1853లోనే మద్రాసుకు వచ్చారు. రిచర్డ్ బాలంటైన్ అక్కడ కొంతకాలం బోధించినా ఫలితం స్వల్పం. ఇరవయ్యో శతాబ్దంలో పని మళ్లీ ఊపందుకుంది. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. అనేక స్థానిక సంఘాలను కలిపే స్టేక్ అనే విభాగం దేశంలో మొట్టమొదట 2012లో హైదరాబాదులో ఏర్పడింది. దేశంలో తొలి ఆలయాన్ని బెంగళూరులో కడతామని 2018 ఏప్రిల్ సమావేశంలో ప్రకటించారు. సర్వసభ్య సమావేశ ప్రసంగాలు తెలుగులోనూ వస్తున్నాయి.