ఇరుసు ఒకరిది, పట్టా మరొకరిది

న్యూఢిల్లీ: రైల్వేలపై పార్లమెంటులో ఏ చర్చ జరిగినా సభ్యుల ప్రసంగాలు సాధారణంగా మూడు కోరికల చుట్టూ తిరుగుతుంటాయి. మా ఊళ్ళో బండి ఆగాలి, మా జిల్లాకు కొత్త లైను రావాలి, చార్జీలు పెరగరాదు. ఇవి న్యాయమైన కోరికలే. అయితే ప్రయాణికుల ప్రాణాలతో నేరుగా ముడిపడిన ప్రశ్న మరొకటి ఉన్నది. దానికి ఓట్లు రాలవు గనుక కాబోలు, అది అరుదుగా వినబడుతుంది. పరుగెడుతున్న బండి చక్రం చెడిపోతున్నదని పట్టా పక్కన అమర్చిన యంత్రం పసిగట్టినప్పుడు ఆ కబురు ఎవరికి చేరాలి? చేరిన పిమ్మట బాధ్యత ఎవరిది?

ఢిల్లీలో కూర్చున్న వారికి ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారంగా తోచవచ్చు. సూరత్ వెళ్ళి చూస్తే అది పరిపాలనా సమస్య అని తెలుస్తుంది. జరీకీ వజ్రాలకూ పేరుగాంచిన ఆ నగరం తెలుగువారికి పరాయిది కాదు. నల్గొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడి మరమగ్గాలను నమ్ముకుని తరాలుగా జీవిస్తున్నాయి. అహమ్మదాబాదు నుంచి సూరత్, వరంగల్లు, విజయవాడల మీదుగా చెన్నై వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారికి పుట్టింటి దారి.

ఆ సూరత్‌లో నేడు రైలు మార్గాలకు యజమానులు ఒకరు కాదు. పాత ప్రధాన మార్గం పశ్చిమ రైల్వేది. దానికి సమీపంగా సాగే సరకు రవాణా మార్గం 2006లో స్థాపితమైన ప్రత్యేక కారిడార్ల సంస్థది. నిర్మాణంలో ఉన్న 508 కిలోమీటర్ల బుల్లెట్ మార్గం 2016లో ఏర్పడిన జాతీయ హైస్పీడ్ రైలు సంస్థది. ఇవి గాక గోఠణగాం నుంచి హజీరా ఎరువుల కర్మాగారానికి క్రిభ్‌కో వారి సొంత లైను ఉన్నది. బుల్లెట్ మార్గంలో పట్టాలూ బండ్లూ ఒకే ఇంటివి. కనుక అక్కడ సమాచారం దాటవలసిన గడప లేదు. చిక్కు అంతా సరకు మార్గంలోనే ఉన్నది.

దాద్రీ నుంచి ముంబయి వద్ద నెహ్రూ రేవు వరకు తలపెట్టిన పశ్చిమ కారిడార్ పొడవు 1,506 కిలోమీటర్లు. సూరత్ జిల్లా మీదుగా పోయే న్యూ మకర్‌పురా, న్యూ ఘోల్వడ్ మధ్య 244 కిలోమీటర్ల భాగాన్ని 2024 మార్చి 12న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అక్కడి పట్టాలు, సిగ్నళ్ళు కారిడార్ సంస్థవి. వాటిపై నడిచే ఇంజన్లు, వ్యాగన్లు, డ్రైవర్లు ప్రధానంగా భారతీయ రైల్వేలకు చెందినవారు. పట్టా వాడుకున్నందుకు రైల్వేలు ఆ సంస్థకు రుసుము చెల్లిస్తాయి. ఒక గూడ్సు బండి పాత లైనులో బయలుదేరి, కారిడార్ ఎక్కి, మళ్ళీ వేరొక జోనులో దిగవచ్చు.

ఈ ప్రయాణంలో బండి ఆరోగ్యాన్ని కనిపెట్టే యంత్రాలు పట్టాల పక్కన ఉంటాయి. అరిగి చదునుపడిన చక్రం పట్టాను సుత్తితో మోదినట్టు మోదుతుంది. ఆ దెబ్బ బరువును ఒక యంత్రం కొలుస్తుంది. ఇరుసు చివర బేరింగు వేడెక్కడాన్ని మరొకటి పసిగడుతుంది. బండి అడుగున వేలాడే భాగాలను కెమెరాలు చిత్రిస్తాయి. ఒక్కసారి తీసిన కొలత కన్న, అదే వ్యాగను వేర్వేరు చోట్ల దాటినప్పటి కొలతలను వరుసగా పేర్చి చూడటంలోనే అసలు ప్రయోజనం ఉన్నది. రోగి నాడిని నలుగురు వైద్యులు చూసి ఎవరి చీటీ వారే దాచుకుంటే జబ్బు ముదురుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

2023 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఈస్ట్ పాలస్తీన్ వద్ద జరిగిన ప్రమాదం ఇందుకు తార్కాణం. ఒక వ్యాగను బేరింగు బయటి వాతావరణం కన్న 38 డిగ్రీల ఫారన్‌హీటు ఎక్కువ వేడిగా ఉన్నట్టు మొదటి యంత్రం చూపింది. రెండవది 103 డిగ్రీలు, మూడవది 253 డిగ్రీలు చూపాయి. మూడవ హెచ్చరిక అందేసరికి సమయం మించిపోయింది. 38 పెట్టెలు పట్టాలు తప్పి, విష రసాయనాలు ఊరి మీద పడ్డాయి. బండి ఒక కంపెనీది, చెడిన వ్యాగను వేరొక అద్దె కంపెనీది. యంత్రాలు అబద్ధమాడలేదు. వాటి మాటలను కలిపి చదివి సకాలంలో బండిని ఆపే ఏర్పాటు లేకపోయింది.

బ్రిటన్ అనుభవం మరొక తీరుది. రైల్వేలను ముక్కలు చేసి పట్టాలను ఒక కంపెనీకి, బండ్లను పలు కంపెనీలకు అప్పగించిన తరువాత, 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ వద్ద పగుళ్ళు బారిన పట్టా తునాతునకలై నలుగురు మరణించారు. తన పట్టాలలో ఎన్నింటికి అటువంటి పగుళ్ళున్నవో పట్టాల కంపెనీకే తెలియలేదు. దేశమంతటా బండ్ల వేగం తగ్గించవలసి వచ్చింది. 2002లో ఆ కంపెనీ స్థానంలో నెట్‌వర్క్ రైల్ వచ్చింది. బండి పట్టాను, పట్టా బండిని కనిపెట్టి ఉండేలా సంస్థల మధ్య సమాచార ఒడంబడికలు చేసుకోవలసిన అవసరాన్ని అక్కడి వారు అనుభవం మీద గ్రహించారు.

మన దేశంలో అన్నీ ప్రభుత్వ సంస్థలే గదా, ఒకే తల్లి బిడ్డల మధ్య ఒడంబడిక ఎందుకని రైలు భవన్ వాదించవచ్చు. ఈ వాదం నిలువదు. 290 మందికి పైగా బలిగొన్న 2023 జూన్ 2 నాటి బాలాసోర్ దుర్ఘటనపై భద్రతా కమిషనర్ నివేదిక, 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజనులోని బాంక్రా నయాబాజ్ స్టేషనులో ఇటువంటి సిగ్నల్ లోపమే బయటపడిందని ఎత్తిచూపింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ఘోరం తప్పేదని పేర్కొన్నది. ఒకే డివిజనులో ఒక స్టేషను నేర్చిన పాఠం మరొక స్టేషనుకు చేరలేదు. వేర్వేరు ఖాతా పుస్తకాలున్న సంస్థల మధ్య అది తనంత తాను ప్రవహిస్తుందా?

ప్రవహించకపోవడానికి కారణం లేకపోలేదు. యంత్రం కొనే ఖర్చు కారిడార్‌ది, వ్యాగను ముందుగా బాగుపడితే లాభం రైల్వేలది. చక్రం పట్టాను పాడుచేసిందా, పట్టాయే చక్రాన్ని పాడుచేసిందా అన్న తగవులో ప్రతి కొలతా ఎవరో ఒకరికి వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. బ్రిటిషు హయాంలోని కంపెనీలు ఈ సత్యం ఎరిగినవి. అందుకే చేతులు మారే వ్యాగన్లను తనిఖీ చేసి నమోదు చేసేందుకు ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ ద్వారా తటస్థ పరీక్షకులను నియమించుకున్నవి. పరస్పర విశ్వాసం లేనందువల్లనే వారు నిబంధన రాసుకున్నారు. మనం విశ్వాసం ఉన్నదనుకుని నిబంధన రాయడం మానరాదు.

2025 జులైలో రైల్వే మంత్రిత్వశాఖ, కారిడార్ సంస్థ ఒక అవగాహన పత్రంపై సంతకాలు చేశాయి. కదిలే బండ్ల అడుగుభాగాన్ని కృత్రిమ మేధతో పరీక్షించే నాలుగు కెమెరా వ్యవస్థలను ఆ సంస్థ నెలకొల్పాలి. ఇది స్వాగతించదగిన అడుగు. కాని ఇంత విశాల దేశానికి నాలుగు వ్యవస్థలు నాందీ వాక్యమే.

ఈ వ్యవహారం విశాఖ దాకా వస్తున్నది. గుజరాత్‌లోని దాహోద్‌లో తయారయ్యే 9,000 అశ్వశక్తి ఇంజన్లు 1,200 సరఫరా చేసి, 35 సంవత్సరాలు మరమ్మతు బాధ్యత వహించేందుకు 2023లో సీమెన్స్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. నిర్ణయించిన నాలుగు మరమ్మతు కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. ఆ ఇంజన్లు దూరం నుంచి పంపే సంకేతాలు ఎవరి ఆస్తి? గడువు తీరిన తరువాత ఎవరి చేతిలో మిగులుతాయి? మన ఎంపీలు సభలో అడిగి జవాబు రాబట్టవలసిన ప్రశ్నలివి.

కావలసినది మరికొన్ని యంత్రాలు మాత్రమే కాదు. ఏ కొలత ఎంత వ్యవధిలో ఎవరికి చేరాలో, అందుకున్నవారు ఏమి చేయాలో శాసనబద్ధమైన నియమం ఉండాలి. పౌర విమానయాన శాఖ పరిధిలో పనిచేసే రైల్వే భద్రతా కమిషన్‌కు ఆ సమాచారం ప్రమాదానికి ముందే అందుబాటులో ఉండాలి. ప్రమాదం జరిగాక కొలతలన్నీ విచారణ కమిషనర్ బల్లపైకి ఎలాగూ చేరతాయి. అవి ముందురోజే సాటి సంస్థ బల్లపైకి చేరేటట్టు చూడటమే ప్రభుత్వం చేయవలసిన పని.