ఐర్లండు బంగాళాదుంప సాగు సంప్రదాయాలు: ‘సోమరి మడులు’ అనే పేరు వెనుక శ్రమ

ఐర్లండు గ్రామాల్లో బంగాళాదుంప పండించిన ఎత్తుమడులకు ఆంగ్లంలో ‘లేజీ బెడ్స్’, అంటే సోమరి మడులు, అనే పేరు స్థిరపడింది. మడి కింది నేలను దున్నకుండానే దుంపలు నాటడం ఈ పేరుకు ఆధారం. 19వ శతాబ్దంలో ఐరిష్ పేదరికాన్ని సోమరితనానికి ముడిపెట్టిన వాదనలకు ఇది అనుకూలించింది. అయితే సాగు విధానాన్ని పరిశీలిస్తే ఆ పేరు వాస్తవ విరుద్ధమని స్పష్టమవుతుంది.

పచ్చిక నేలపై పశువుల ఎరువునో, తీరప్రాంతాల్లో సముద్రపు నాచునో బారుగా పరిచి, దానిపై మొలక కన్నులున్న దుంప ముక్కలను ఉంచేవారు. ‘లోయ్’ అనే ఇరుకైన పారతో ఇరువైపులా పచ్చికగడ్డలను పెళ్లగించి వాటిపై బోర్లించేవారు. అలా ఏర్పడిన కాలువల గుండా వాననీరు పోయేది. నీరు నిలిచే నేలల్లోనూ, నాగలి సాగని కొండవాలుల్లోనూ ఇది ఎంతో అనువైన పద్ధతి. ఇందులో ప్రతి అడుగూ మనిషి చేతి కష్టమే.

ఈ పంట చుట్టూ ఏడాది పొడవునా ఆచారాలు అల్లుకున్నాయి. గుడ్ ఫ్రైడే నాడు కొన్ని దుంపలైనా నాటడం శుభమని నమ్మేవారు. ఆగస్టు ఆరంభంలో వచ్చే ‘లూనసా’ పండుగకు తొలి దుంపలు తవ్వేవారు; అంతకుముందే తవ్వడం ఇంటి పొదుపు లోపానికి గుర్తు. పాత నిల్వలు తీరి కొత్త పంట చేతికిరాని వేసవి రోజులు ఆకలి రోజులు. హాలోవీన్ రాత్రి దుంపలను క్యాబేజీతో మెదిపి చేసే ‘కోల్కానన్’లో ఉంగరం దాచేవారు; అది దొరికినవారికి త్వరలో పెళ్లి అవుతుందని విశ్వాసం. నిత్యభోజనం మాత్రం బుట్టలో వార్చిన ఉడికిన దుంపలు, మజ్జిగ. తొక్కలు పందికి, ఆ పందిని అమ్మిన సొమ్ము భూస్వామి కౌలుకు.

బలహీనత రైతు శ్రమలో లేదు. భూమి పంపకంలోనూ, ఒకే రకంపై ఆధారపడటంలోనూ ఉంది. చిన్న కమతంతో కుటుంబాన్ని పోషించవలసిన పేదలు, నిస్సారమైన నేలలోనూ అధిక దిగుబడినిచ్చే ‘లంపర్’ రకాన్ని ఆశ్రయించారు. దుంప ముక్కలతోనే ప్రవర్ధనం జరిగినందున మొక్కలన్నీ జన్యుపరంగా ఏకరూపాలు. 1845లో ‘ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్’ వల్ల మాడుతెగులు సోకినప్పుడు దానికి అడ్డుకట్ట లేకపోయింది. అనంతర కరవులో సుమారు 10 లక్షల మంది మరణించారు. మరో 10 లక్షలకు పైగా వలసపోయారు. అదే కాలంలో దేశం నుంచి ధాన్యం ఎగుమతి కొనసాగింది.

పశ్చిమ ఐర్లండు కొండవాలులపై పచ్చిక కప్పిన ఆ మడుల గట్లు నేటికీ కనిపిస్తాయి. వాటిని సోమరితనానికి సాక్ష్యాలుగా కాక, చాలీచాలని నేలను పారతో సాగులోకి తెచ్చిన శ్రమకు ఆనవాళ్లుగా చదవడమే చరిత్రకు న్యాయం.