ఊళ్లో మీరు... ఇంట్లో కంప్యూటర్!

వైజాగ్‌లో మేనకోడలి పెళ్లి. హైదరాబాద్‌లో ఇంటికి తాళం వేసి ఇంటిల్లిపాదీ వచ్చేశారు. హడావుడిలో ఉండగా బ్యాంకు నుంచి ఫోన్... 'ఇంటి రుణానికి సేల్‌డీడ్ కాపీ కావాలి, సాయంత్రంలోగా పంపండి సార్!' ఆ కాపీ ఏమో ఇంట్లో కంప్యూటర్లో ఉండిపోయింది. తాళంచెవీ పాస్‌వర్డూ పక్కింటివాళ్ల చేతిలో పెట్టాలా?

అక్కర్లేదు. ముందే ఏర్పాటు చేసుకుంటే విడిదింట్లో కూర్చునే ఆ ఫైలు తెరవొచ్చు. కాకపోతే మీరు వెళ్లే దారిలో దొంగ కూడా రాకుండా చూసుకోవాలి.

వీధి తలుపు వద్దు

విండోస్ ప్రొలో 'రిమోట్ డెస్క్‌టాప్' ఉంటుంది. బయటినుంచి అందడానికి చాలామంది రౌటర్లో దాని 3389 పోర్టును తెరిచేస్తారు. అంటే వీధి తలుపు బార్లా తీసినట్లే. అలాంటి తలుపుల కోసం నెట్‌లో రాత్రీపగలూ వెతికే ప్రోగ్రాములున్నాయి. 2019లో పాత విండోస్‌లలో 'బ్లూకీప్' అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకపోయినా దాంతో లోపలికి చొరబడొచ్చు. అందుకే, 2014లోనే సపోర్టు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

దానికన్నా 'క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్' తేలిక. ఉచితం. గూగుల్ ఖాతాతో పనిచేస్తుంది, కనీసం 6 అంకెల పిన్ పెట్టుకోవాలి. రౌటర్లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఆ ఖాతాకు రెండంచెల తనిఖీ తప్పనిసరి. కొంచెం తెలిసినవాళ్లయితే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌కీ ఇంటికీ మధ్య సొంత సొరంగం అన్నమాట. తాళంచెవి లేనివారికి తలుపే కనపడదు.

ఈ జాగ్రత్తలు...

* కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేయండి. కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ అయ్యే ఏర్పాటు చాలా కంప్యూటర్ల బయోస్‌లో ఉంటుంది.
* నెట్‌సెంటర్, హోటల్ కంప్యూటర్ల నుంచి వద్దు. మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టుకునే ప్రోగ్రాములు వాటిలో ఉండొచ్చు. సొంత ఫోనో లాప్‌టాపో వాడండి.
* విదేశం వెళ్తే మన సిమ్‌కు ఓటీపీ రాకపోవచ్చు. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోండి.
* 'బ్యాంకు నుంచి' అంటూ ఫోన్ చేసి, ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టించి కోడ్ అడిగితే చెప్పొద్దు. ఈ తరహా మోసాలపై 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ప్రయాణానికి ముందురోజు ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో డాబా మీదినుంచి ఒక్కసారి ప్రయత్నించి చూడండి. అక్కడ పనిచేస్తే అమెరికాలోనూ పనిచేసినట్టే. ఇక గ్యాస్ కట్టేసి, తాళం లాగిచూసి, నిశ్చింతగా బయల్దేరొచ్చు!