తపతి పులసకు అడ్డుగోడలు

సూరత్: గోదావరి జిల్లాల వారు ఎంత ధరకైనా వెనుదీయకుండా కొనుక్కునే పులస, పశ్చిమ తీరంలోనూ ఉన్నదన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. సముద్రంలో ఉన్నంతకాలం విలసగా, నదిలో ప్రవేశించాక పులసగా మనం పిలిచే ఈ చేపే బెంగాలీల ఇలిశ్, శాస్త్రజ్ఞుల హిల్సా. గుజరాత్‌లో నర్మద, తపతి నదుల ముఖద్వారాలు దీనికి తరతరాల పురిటిల్లు. అయితే సూరత్ నగరాన్ని ఒరుసుకుని పారే తపతిలో ఈ చేప ఎదురీతకు ఇప్పుడు గోడ తరువాత గోడ అడ్డు నిలుస్తున్నది.

హిల్సా పుట్టేది మంచినీటిలో, పెరిగేది ఉప్పునీటిలో. నైరుతి రుతుపవనాలకు నదులు పొంగి ఎర్రనీరు కడలిలోకి దూసుకువచ్చినప్పుడు, గుడ్లు పండిన చేపలు గుంపులుగా నదీముఖం వైపు మళ్ళుతాయి. ఆడచేప తన పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు 20 లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. మగచేపలు వాటిని నీటిలోనే ఫలదీకరిస్తాయి. సుమారు ఒక రోజులోనే గుడ్డు పగిలి పిల్ల బయటపడుతుంది. ఆ పిల్లలు కొన్ని నెలలపాటు నదిలోనూ, ముఖద్వారంలోనూ మేసి ఆ తరువాత సముద్రం దారి పడతాయి.

ఈ రాకపోకలలో చేప దేహమే మారవలసి ఉంటుంది. సముద్రంలో ఉన్నప్పుడు ఒంటిలోని అదనపు ఉప్పును బయటకు నెట్టే మొప్పలు, నదిలోకి వచ్చాక నీటిలోని కొద్దిపాటి ఉప్పును లోపలికి తీసుకోవాలి. ఉప్పదనం క్రమంగా తగ్గుతూ వచ్చే పొడవైన నీటి దారి ఉంటేనే ఈ మార్పు సాఫీగా సాగుతుంది. అడ్డుకట్ట పడితే ఆ దారి తెగిపోతుంది. ఒక ప్రక్క ఉప్పునీరు, మరొక ప్రక్క నిలిచిన మంచినీరు మిగులుతాయి. పైగా సాల్మన్ వలె గోడలపైకి ఎగిరి దూకే శక్తి హిల్సాకు లేదు.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయీ వద్ద పుట్టి 724 కిలోమీటర్లు ప్రవహించే తపతిపై 1954లో కాక్రాపార్ ఆనకట్ట, దానికి ఎగువన 1972లో ఉకాయ్ డ్యామ్ పూర్తయ్యాయి. నగరానికి త్రాగునీటి కోసం 1995లో సింగన్‌పూర్ వద్ద మరొక అడ్డుకట్ట వెలసింది. దీని మేలును కాదనలేము. మరమగ్గాలను నమ్ముకుని వచ్చి సూరత్‌లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల దాహం తీర్చేదీ తపతి నీరే. కాని ఆ కట్ట దిగువన, వానలు వెనుకపట్టిన తరువాత, ముఖద్వారానికి చేరే మంచినీరు బహు స్వల్పం.

కాగా ఉకాయ్ జలాశయంలో ఒక వింత బయటపడింది. సముద్రంతో ఏ సంబంధమూ లేకుండానే హిల్సా అక్కడ బ్రతికి సంతానవృద్ధి చేస్తున్నట్లు కేంద్ర లోతట్టు జలాల మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మంచినీటిలోనే హిల్సాను పెంచవచ్చునన్న ఆశకు ఇది ఊపిరి పోసింది. అయితే జలాశయంలో ఈదే చేప ముఖద్వారంలో వల వేసే జాలరి చేతికి అందదు కదా!

ఇటువంటి నష్టం కొత్తది కాదు. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలుకాక పూర్వం హిల్సా గంగలో అలహాబాద్ దాటి పైకి వెళ్ళేది. మన గోదావరిలోనూ 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టించిన ధవళేశ్వరం వరకే పులస దారి.

నర్మద ముఖద్వారాన భాడ్‌భూత్ వద్ద చేపట్టిన బ్యారేజీతో హిల్సా రాక ఆగిపోతుందని భరూచ్ జాలరులు ఆందోళన చేశారు; జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను సైతం ఆశ్రయించారు. ఉప్పునీటి చొరబాటును అరికట్టి మంచినీటిని నిలవ చేయడమే ఆ బ్యారేజీ ఉద్దేశం. సూరత్‌లో రుంఢ్, భాఠాల నడుమ తపతిపై తలపెట్టిన బ్యారేజీ ఉద్దేశమూ దాదాపు ఇదే. అది సింగన్‌పూర్ కట్టకు దిగువన, సముద్రానికి మరింత చేరువలో ఉన్న చోటు.