కరెంటు పోయి వచ్చాక మీ మీడియా సర్వర్ ఫైళ్లు ఎక్కడ రాస్తోంది?

పోయిన వేసవిలో నరసాపురం నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పాప అన్నప్రాసన వీడియోలు టీవీలో కనపడట్లేదురా. నిన్న రాత్రి అందరం కూర్చుని చూశాం కదా!" కెమెరా కార్డు ఏదని అడిగా. "వీడియోలు ఎక్కేశాయి కదా అని ఫార్మాట్ కొట్టేశా" అంది. మొత్తం 18 జీబీ. ఇంకెక్కడా కాపీ లేదు.

కంగారు పడకండి, వీడియోలు దొరికాయి. కానీ అవి ఎందుకు మాయమయ్యాయో, ఎక్కడ దాక్కున్నాయో తెలిస్తే లైనక్స్‌లో షేర్డ్ ఫోల్డర్ ఎలా పనిచేస్తుందో సగం అర్థమైనట్టే. ఇంట్లో మీడియా సర్వర్ పెట్టుకున్న ఎవరికైనా ఇది జరగొచ్చు.

ఇంట్లో సెటప్ ఇదీ

మేడ మీద గదిలో పాత విండోస్ డెస్క్‌టాప్, అందులో 2 టీబీ హార్డ్‌డిస్క్. క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలు, ఫోటోలు, సినిమాలు అన్నీ అందులోనే. కింద హాల్లో టీవీ పక్కన రాస్ప్‌బెర్రీ పై 4. దాంట్లో 64 జీబీ ఎస్‌డీ కార్డు, దాని మీద జెల్లీఫిన్. 2018 చివర్లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ ఇవ్వడం ఆపేస్తే, అంతవరకు ఉన్న కోడ్ తీసుకుని విడిగా మొదలుపెట్టిన ఫ్రీ ప్రాజెక్ట్ ఇది.

కోడీ అయితే నెట్‌వర్క్ షేర్ అడ్రస్ ఇస్తే తనే నేరుగా తెరుచుకుంటుంది. లైనక్స్‌లో జెల్లీఫిన్ అలా కాదు, దానికి మామూలు ఫోల్డర్ దారి కావాలి. అంటే మేడ మీది షేర్‌ని ముందు లైనక్స్ మౌంట్ చేయాలి, ఆ ఫోల్డర్‌ని జెల్లీఫిన్‌కి చూపించాలి.

కెమెరా కార్డు పెట్టగానే వీడియోల్ని ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్ట్ కూడా రాసిపెట్టాను. తప్పు నాదే, అది ఈ స్క్రిప్ట్‌లోనే ఉంది.

మౌంట్ అంటే ఖాళీ ఫోల్డర్ మీద వేసిన దుప్పటి

లైనక్స్‌లో మౌంట్ చేయాలంటే ముందు ఒక ఫోల్డర్ ఉండాలి. ఆ ఫోల్డర్ ఉండేది ఎస్‌డీ కార్డు మీదే. షేర్ మౌంట్ అవగానే దాని మీద దుప్పటి కప్పినట్టు అవుతుంది. పైన కనిపించేది మేడ మీది డిస్క్. షేర్ మౌంట్ కాకపోతే దుప్పటి లేదు, కానీ ఫోల్డర్ అలాగే ఉంది. దాంట్లో ఏం రాసినా ఎస్‌డీ కార్డులోకి పోతుంది. ఎర్రర్ రాదు.

ఆ రోజు మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయింది. తిరిగి రాగానే పై దానంతటదే ఆన్ అయింది. డెస్క్‌టాప్‌కి మాత్రం బటన్ నొక్కాలి, ఎవరూ నొక్కలేదు. షేర్ దొరకలేదు. సెట్టింగ్స్‌లో నేను నోఫెయిల్ పెట్టాను కాబట్టి పై ఆగకుండా బూట్ అయిపోయింది. సాయంత్రం అక్క కార్డు పెట్టింది. స్క్రిప్ట్ రూట్ యూజర్‌గా నడుస్తుంది కాబట్టి దానికి అడ్డు లేదు, 18 జీబీ ఎస్‌డీ కార్డులోకి వెళ్లిపోయింది. రాత్రి టీవీలో చూశారు కూడా. పాత వీడియోలు లేవన్న సంగతి ఎవరూ గమనించలేదు.

మర్నాడు నాన్న డెస్క్‌టాప్ ఆన్ చేశారు. మళ్లీ ఓసారి కరెంటు పోయి వెంటనే వచ్చింది. యూపీఎస్ ఉంది కాబట్టి డెస్క్‌టాప్ నిలబడింది, పై మాత్రం రీస్టార్ట్ అయింది. ఈసారి షేర్ మౌంట్ అయింది. దుప్పటి పడింది. పాప వీడియోలు దాని కింద ఉండిపోయాయి.

దొరికిందిలా

హైదరాబాద్ నుంచి వీపీఎన్ మీద లాగిన్ అయి డిస్క్ వాడకం చూశా. ఎస్‌డీ కార్డులో ఉండాల్సిన దానికంటే 18 జీబీ ఎక్కువ నిండి ఉంది. అక్కడే అర్థమైంది. జెల్లీఫిన్ ఆపి, యూమౌంట్ కమాండ్‌తో షేర్ తీసేశా. జెల్లీఫిన్ ఆపకపోతే ఫోల్డర్ బిజీగా ఉందని మొరాయిస్తుంది. షేర్ తీయగానే కింద వీడియోలన్నీ ఉన్నాయి. వేరే ఫోల్డర్‌లోకి జరిపి, మళ్లీ మౌంట్ చేసి, మేడ మీదికి పంపాను.

మీకూ ఇలాంటి అనుమానం వస్తే ముందు ఫైండ్‌మౌంట్ కమాండ్ నడపండి. టైప్ చేసేటప్పుడు చివర్లో ఎంఎన్‌టీ మాత్రమే. ఆ ఫోల్డర్ మీద షేర్ ఉందో లేదో అది చెప్తుంది. లిస్ట్‌లో లేకపోతే మీరు రాస్తున్నది ఎస్‌డీ కార్డు మీదే.

మళ్లీ జరక్కుండా నాలుగు తాళాలు

1. ఆటోమౌంట్. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ షేర్ లైన్‌కి, నోఫెయిల్ పక్కనే సిస్టమ్‌డీ ఆటోమౌంట్ ఆప్షన్ చేర్చండి. అప్పుడు బూట్‌లో కాకుండా, ఎవరైనా ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది. డెస్క్‌టాప్ ఆఫ్‌లో ఉంటే ఎర్రర్ వస్తుంది తప్ప ఫైళ్లు ఎస్‌డీ కార్డులోకి జారవు. గంట తర్వాత డెస్క్‌టాప్ ఆన్ చేసినా ఏమీ నొక్కక్కర్లేదు.

2. ఖాళీ ఫోల్డర్‌కి తాళం. షేర్ మౌంట్ కాకముందు ఆ ఫోల్డర్ మీద ఛేంజ్ ఆట్రిబ్యూట్ కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టండి. ఇక దాంట్లో రూట్ యూజర్ కూడా ఫైల్ పెట్టలేడు. పైన మౌంట్ చేయడానికి మాత్రం ఏ అడ్డూ ఉండదు.

3. గుర్తు ఫైల్. మేడ మీది డిస్క్‌లో ఏదో ఒక పేరుతో చిన్న ఫైల్ పెట్టండి. స్క్రిప్ట్ ముందు ఆ ఫైల్ ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోవాలి. సింక్‌థింగ్ కూడా ఇలాంటి గుర్తే పెట్టుకుంటుంది, అది కనపడకపోతే సింక్ ఆపేస్తుంది.

4. మారని అడ్రస్. కరెంటు వచ్చాక రౌటర్ డెస్క్‌టాప్‌కి కొత్త ఐపీ ఇస్తే మౌంట్ పోయినట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో దానికి అడ్రస్ రిజర్వ్ చేయండి. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటే అదీ పెట్టేయండి.

ఎస్‌ఎంబీనా, ఎన్‌ఎఫ్ఎస్‌నా?

రెండూ లైనక్స్ మెషీన్లయితే ఎన్‌ఎఫ్ఎస్ తేలిక. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. రెండు వైపులా యూజర్ నంబర్లు ఒకటే ఉండేలా చూసుకోవాలి, లేదంటే పర్మిషన్ ఎర్రర్లు వస్తాయి. ఒకవైపు విండోస్ ఉంటే ఎస్‌ఎంబీ. ఇందులో మూడు విషయాలు చూసుకోండి.

విండోస్‌లో పిన్‌తో లాగిన్ అవుతున్నా షేర్‌కి పిన్ పనిచేయదు, పాస్‌వర్డ్ కావాలి. షేర్ కోసమే ఓ లోకల్ యూజర్‌ని చేసుకోవడం మేలు. ఆ పాస్‌వర్డ్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయకండి, రూట్ మాత్రమే చదవగలిగే విడి ఫైల్లో పెట్టండి. ఇక వర్షన్ 1 జోలికి అస్సలు వెళ్లొద్దు. 2017 మేలో వానాక్రై వ్యాపించింది ఆ పాత వర్షన్‌లోని లోపం పట్టుకునే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మీ పాత బాక్స్ వర్షన్ 1 తప్ప ఇంకేదీ మాట్లాడకపోతే, మార్చాల్సింది బాక్స్‌నే.

స్పీడ్ గురించి ఒక్క మాట. మినీ డీవీ క్యాసెట్ ఎక్కిస్తే వీడియో 25 ఎంబీపీఎస్, గంటకి దాదాపు 13 జీబీ. పై 4లో గిగాబిట్ ఈథర్‌నెట్ ఉంది కాబట్టి కేబుల్ వేస్తే దీనికి చాలా ఎక్కువ. గోడల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద మాత్రం ఇదే వీడియో ఆగి ఆగి నడవొచ్చు. మేడ మీద నుంచి ఒక్క కేబుల్ దింపుకోండి.

తాళాలు వేశాక పరీక్ష కూడా పెట్టండి. డెస్క్‌టాప్ ఆపేసి, సర్వర్ రీస్టార్ట్ చేసి, ఓ ఫైల్ కాపీ చేయండి. ఎర్రర్ వస్తే సెటప్ బాగున్నట్టు. కాపీ అయిపోతే అనుమానించండి.

ఇక అక్కకి ఒకటే చెప్పా: "టీవీలో కనపడినంత మాత్రాన కార్డు ఫార్మాట్ చేయకే. రెండు చోట్ల కాపీ ఉందని నేను చెప్పాకే చెయ్యి." అన్నప్రాసన వీడియోలు ఇప్పుడు డెస్క్‌టాప్‌లో ఒకటి, నా దగ్గర డిస్క్‌లో ఒకటి ఉన్నాయి.