తొలి అడుగు – గుండె బలము

బిడ్డ బోర్లపడినప్పుడు బొబ్బట్లు, అడుగు వేసినప్పుడు అరిసెలు పంచుట తెలుగు ఇండ్లలో ఆచారము. ఆ వేడుక ఆలస్యమైన ఇంట తల్లి మనస్సు తల్లడిల్లును. ఆలస్యమునకు కారణము ఒక్కొక్కప్పుడు కాళ్ళలో గాక గుండెలో ఉండును.

పుట్టుకతోనే గుండెలో లోపము గల శిశువులు నూటికి ఇంచుమించు ఒకరు. అందు కొందరికి లోపము తీవ్రమైనది. చెడురక్తము మంచిరక్తముతో కలిసి దేహమునకు ప్రవహించినచో పెదవులు, గోళ్ళు నీలివర్ణము దాల్చును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1944 నవంబరు 29వ తేదీన అట్టి బాలికకు శస్త్రచికిత్స జరిగెను. ఆమె వయస్సు 15 మాసములు. బరువు సుమారు 4 కిలోలు మాత్రమే. ఉపాయము సూచించినది హెలెన్ టాసిగ్. కత్తి పట్టినది ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్. ఆ విధానమును ప్రయోగశాలలో కుక్కలపై సాధించి, ఆనాడు బ్లాలాక్ వెనుక నిలిచి సలహా చెప్పినది వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు. చేతికి పోవు ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి రక్తమునకు క్రొత్త త్రోవ కల్పించిరి. ఆ బాలిక కొన్ని మాసములకే మరణించినను, ఆ త్రోవ వేలకొలది బిడ్డలను బ్రతికించెను.

"బిడ్డ బ్రతుకునా?" అను ప్రశ్న తీరిన పిమ్మట "ఎట్లు ఎదుగును?" అను ప్రశ్న పుట్టినది. గుండె చక్కబడినను పలువురు శిశువులు కూర్చుండుట, ప్రాకుట, నడచుట ఆలస్యముగా నేర్చుచుందురు. కారణములు పెక్కు. గర్భమందే ప్రాణవాయువు చాలక మెదడు ఎదుగుదల మందగింపవచ్చును. పాలు త్రాగుటకే బిడ్డ అలసిపోవును. ఆసుపత్రి శయ్యపై గొట్టముల నడుమ వారములు గడచును. రొమ్ముపై కోతయున్నదను భయముతో ఇంటివారు బిడ్డను బోర్ల పరుండబెట్టరు. ఆ సాధన లేనిదే మెడకు, భుజములకు బలము రాదు.

గుండెనుండి బయలుదేరు రెండు మహానాళములు తారుమారైన శిశువులను బోస్టన్ వైద్యులు పరిశీలించిరి. శస్త్రచికిత్సలో రక్తప్రసరణను ప్రధానముగా నిలిపివేయబడిన శిశువులు, కొద్దిపాటి ప్రసరణ సాగింపబడినవారికంటె, ఏడాది వయస్సున అవయవచాలనలో వెనుకబడిరని 1995లో ప్రకటించిరి. గుండెను బాగుచేయుచు మెదడును కాపాడుట యెట్లో ఇట్టి పరిశీలనలు నేర్పినవి.

ఇందు ఉపాధ్యాయులకును పాత్ర కలదు. ఆటలో పరుగెత్తుచు హఠాత్తుగా గొంతుకూర్చుండు నీలిపెదవుల బాలుడు సోమరి కాడు. అట్లు కూర్చున్నప్పుడు కాళ్ళకు పోవు రక్తమునకు అడ్డు కలిగి, ఊపిరితిత్తులకు మరికొంత రక్తము చేరును. చికిత్స పొందిన బిడ్డకును వ్రాతలో, వ్రేళ్ళ పనిలో నేర్పు ఆలస్యము కావచ్చును. దండింపక, వైద్యునికి చూపుడని తల్లిదండ్రులకు చెప్పవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున గుండెలోపములకు, ఎదుగుదల జాప్యమునకు పరీక్షలు కలవు.

వైద్యుల సలహాతో ప్రతిదినము చేయించు చిన్న చిన్న సాధనలు అట్టి బిడ్డకు ఎంతో తోడ్పడును. అరిసెలు కొన్ని నెలలు ఆలస్యమైనంత మాత్రమున వాటి తీపి తగ్గదు.